యుద్ధగాయం – పౌర గ్రంథాలయం

సైనిక జీవితాన్ని చూపే డాక్యుమెంటరీలను పౌర గ్రంథాలయంలో ప్రదర్శించవచ్చునా? ప్రదర్శించి తీరాలంటాను.

రెండవ ప్రపంచయుద్ధంలో మనసు దెబ్బతిన్న అమెరికన్ సైనికుల చికిత్సను, సైన్యం కోసమే జాన్ హ్యూస్టన్ ‘లెట్ దేర్ బి లైట్’ అనే చిత్రంగా తీశాడు. 1946లో తయారైన ఆ చిత్రాన్ని అదే సైన్యం 1980 దాకా ప్రజల కంట పడనీయలేదు. రోగుల ఆంతరంగిక జీవితానికి భంగం రాకూడదన్నది. 2010లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని జాతి భద్రపరచుకోవలసిన చిత్రాల పట్టికలో చేర్చింది.

సైన్యం వాదాన్ని కొట్టిపారేయలేము. ఏడుస్తున్న మనిషి ముఖంపై మొదటి హక్కు అతనిదే. కాని ఆ ముఖం ముందు కెమెరా పెట్టించినదెవరు? విజయోత్సవాల్లో సైనికుల ముఖాలు చూపడానికి ప్రభుత్వాలు సంకోచిస్తాయా? సైనికుని మర్యాద పేరు చెప్పి యుద్ధం తన ముఖం దాచుకోరాదు.

అయితే ఎలా చూపాలన్నది కూడా నీతి ప్రశ్నే. కాలక్షేపానికి చూస్తే ఆ బాధను అవమానించినట్లే. గ్రంథాలయంలో చిత్రం పక్కనే చరిత్ర పుస్తకం ఉంటుంది. చూసినవారు కూర్చుని చర్చించుకోవడానికి చోటుంటుంది. సైనికులను పంపేది ప్రజల పేరిట. వారు ఏ స్థితిలో తిరిగివచ్చారో తెలుసుకోవలసిన బాధ్యత కూడా ప్రజలదే.