దుకాణంలో కుక్క: ప్రవేశం ఎవరికి?

పెంపుడు కుక్కను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చిన మనిషిని లోపలికి రానివ్వాలా, వద్దా? ఈ ప్రశ్న ఈ పుటల్లో కనబడితే నవ్వుకునే మిత్రులుంటారు. కూలిరేట్లూ, భూమీ, కాలేజీ ఫీజులూ వుండగా కుక్కల గొడవేమిటని అడుగుతారు. కాని మన దేశంలో గడప దగ్గర జరిగే తగాదా ఏదీ చిన్నది కాదు. ఎవరు లోపలికి రావచ్చు, ఎవరు బయట నిలబడాలి అన్న లెక్క మీదనే మన సంఘం శతాబ్దాల తరబడి నిలబడింది. కుక్క నెపంతోనైనా ఆ గడపను మరోసారి చూడటం మంచిదే.

మామూలుగా ఈ వాదం రెండు పక్షాల మధ్య నడుస్తుంది. కుక్కల్ని ప్రేమించేవాళ్ళు దయ గురించి మాట్లాడతారు. ఏవగించుకునేవాళ్ళు శుభ్రత గురించి మాట్లాడతారు. దుకాణం గురించి ఇద్దరూ మాట్లాడరు. మనం దుకాణంతోనే మొదలుపెడదాం.

మచ్చ బొల్లారాన్ని తీసుకోండి. సికింద్రాబాదు కంటోన్మెంటుకు ఉత్తరాన, అల్వాల్ పక్కన, ఒకప్పటి పల్లె. 2007లో అల్వాల్ మునిసిపాలిటీ మహానగరంలో కలిసిపోయాక అపార్టుమెంట్లు లేచాయి. ఇలాంటి చోట పాతరకం కిరాణా కొట్టూ వుంటుంది, కొత్తరకం సూపర్‌మార్కెటూ వుంటుంది. కిరాణా కొట్టుకి బల్ల అడ్డం. కొనేవాడు బల్లకివతల, మెట్టు మీదనో రోడ్డు మీదనో నిలబడి అడుగుతాడు. సరుకు అవతలినుంచి వస్తుంది. మనిషే లోపలికి పోడు గనక కుక్క పోవచ్చునా అన్న ప్రశ్న పుట్టదు. వీధికుక్క ఆ మెట్టు కిందనే మధ్యాహ్నమంతా నిద్రపోతుంది. దానికెవరూ అనుమతి ఇవ్వలేదు, అదీ అడగలేదు. కొట్టువాడు విసిరిన బిస్కట్టు తిని, రాత్రి కొట్టు మూశాక అలికిడయితే మొరుగుతుంది. అదొక రకం ఒప్పందం.

సూపర్‌మార్కెటు ఆ బల్లను తీసేసింది. కొనేవాడి మీద గౌరవం కొద్దీ చేసిన పనేం కాదది. సరుకు చేతికందేటట్టు పెడితే అక్కర్లేనిది కూడా కొంటాడనీ, తూచి పొట్లం కట్టే మనుషుల జీతాలు మిగులుతాయనీ చేసింది. ఏమైతేనేం, కొనేవాడు అరల మధ్యకు వచ్చాడు. తనతోపాటు తన బతుకుతీరును కూడా తీసుకొచ్చాడు. అందులో గొలుసు కట్టిన కుక్క ఒకటి. కనక ఇది సనాతనమైన ప్రశ్న కాదు. వ్యాపారం పద్ధతి మారినందువల్ల నిన్నమొన్న పుట్టిన ప్రశ్న. అందులోనూ గొలుసున్న కుక్క గురించి మాత్రమే పుట్టిన ప్రశ్న.

ప్రశ్న కొత్తదే అయినా గడప పాతది. కుక్కను కొలబద్దగా పెట్టి మనిషిని కొలవడం మనవాళ్ళు బాగా ఎరిగిన విద్య. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుల్నీ శ్వపచుల్నీ వూరి బయట వుండమంది. కుక్కల్నీ గాడిదల్నీ వాళ్ళకు ఆస్తిగా రాసిచ్చింది. శ్వపచుడంటే కుక్కమాంసం వండుకునేవాడు. మనిషిని వెలివేయటానికి పేరే అట్లా పెట్టారు. 1927 మార్చిలో అంబేద్కర్ మహద్‌లో చౌదార్ చెరువు దగ్గరికి జనాన్ని నడిపించేనాటికి, పశువులు దిగి తాగే నీళ్ళను అస్పృశ్యులు ముట్టుకోరాదు. 1932 సెప్టెంబరులో ప్రీతిలతా వడ్డేదార్ దళం చిట్టగాంగులోని పహార్తలి యూరోపియన్ క్లబ్బు మీద దాడి చేసింది. కుక్కలకూ భారతీయులకూ ప్రవేశం లేదన్న బోర్డు పెట్టిన క్లబ్బుగా అది చరిత్రకెక్కింది.

బొల్లారానికే ఈ చరిత్రలో ఒక పేజీ వుంది. నిజాం ఖర్చుతో ఇంగ్లీషువాళ్ళు నడిపిన హైదరాబాదు కాంటింజెంటు సైన్యానికి ఇది స్థావరం. 1855 సెప్టెంబరులో బ్రిగేడియర్ కోలిన్ మెకంజీ మొహర్రం ఊరేగింపులు ఎప్పుడు పోవాలో, ఏ రోడ్డు మీద పోకూడదో ఆజ్ఞలు వేశాడు. ఊరేగింపు ఆయన బంగళా దారినే పోయింది. అడ్డుకోబోయిన మెకంజీని అశ్వికదళం సిపాయిలు కత్తులతో నరికారు. చావు తప్పి బయటపడ్డాడు. 1857కి రెండేళ్ళ ముందుమాట ఇది. రోడ్డు ఎవరిదన్న ప్రశ్న ఈ వూళ్ళో అంతదాకా పోయింది. ఇక్కడి రెసిడెంటు బంగళా ఇవాళ రాష్ట్రపతి నిలయం; 2023 మార్చినుంచి ఏడాది పొడుగునా మామూలు జనం చూడటానికి పోతున్నారు.

ఈ అనుభవమంతా రాజ్యాంగంలోకి ఎక్కింది. 15వ అధికరణం రెండో క్లాజు మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా ఏ పౌరుణ్ణీ ఎక్కడెక్కడ అడ్డగించకూడదో చెబుతూ మొట్టమొదట పేర్కొన్నది దుకాణాన్ని. హోటళ్ళూ, బావులూ, చెరువులూ, రోడ్లూ ఆ తర్వాత వస్తాయి. రాజ్యాంగసభలో 1948లో ఈ మాట చర్చకు వచ్చినప్పుడు అంబేద్కర్ దాన్ని చాలా విశాలంగా వివరించాడు: తన సేవ కోరి వచ్చినవారెవరికైనా దాన్ని అందించటానికి యజమాని సిద్ధపడి కూచున్న ప్రతి చోటూ దుకాణమే. అంటే దుకాణం సొంత ఆస్తే కావచ్చు, సొంత ఇల్లు మాత్రం కాదు. "నా కొట్టు, నా ఇష్టం" అనే అధికారం యజమానికి ఆ మేరకు పోయింది. అందులోకి అడుగుపెట్టే హక్కు పౌరుడిది.

ఇక్కడ మన మిత్రులు కొందరు తొందరపడతారు. "మాలమాదిగలకు గుళ్ళోకీ, హోటల్లోకీ దారి దొరకటానికి ఇంత పోరాటం పట్టింది, ఇవాళ బంగళావాళ్ళ కుక్కలకి దుకాణాల్లో దారి కావాలా?" అంటారు. కోపం న్యాయమైనదే, తర్కం మాత్రం నిలవదు. బోర్డు రాసింది కుక్క కాదు. దాన్ని వర్గశత్రువుల జాబితాలో చేర్చటం హాస్యాస్పదం. పైగా వాచ్‌మన్ గది ముందూ, కల్లు దుకాణం ముందూ, ఇటికబట్టీల దగ్గరా ముద్దలో సగం కుక్కకు పెట్టేవాళ్ళు పేదవాళ్ళే. కుక్క మీద ప్రేమ బూర్జువా జబ్బు అని తేల్చేసేవాళ్ళకు శ్రామికవర్గం గురించి తెలిసింది తక్కువ.

అవతలి పక్షంవాళ్ళు ధర్మరాజును తెస్తారు. కుక్కలతో వచ్చేవాళ్ళకి స్వర్గంలో చోటు లేదని ఇంద్రుడన్నప్పుడు, అయితే ఆ స్వర్గం నాకొద్దన్నాడు కదా అని. మంచి కథే తెచ్చారు. కాని దాన్ని సరిగ్గా చదవాలి. ఆ కుక్క ధర్మరాజు పెంచుకున్నది కాదు. దాని మెడలో గొలుసు లేదు. దారిలో తోడై వచ్చింది. అన్నిటికంటె ముఖ్యం, దాన్ని వదలనన్నందుకు మూల్యం తానే చెల్లించటానికి ధర్మరాజు సిద్ధపడ్డాడు: గుమ్మం బయటే వుండిపోతానన్నాడు. ఇవాళ సూపర్‌మార్కెటు గుమ్మంలో వాదించే పెద్దమనిషి తానూ లోపలికి రావాలి, కుక్కా రావాలి, భయం మాత్రం ఇంకొకరు భరించాలి అంటున్నాడు. నన్నడిగితే ఈ చర్చకు భారతం చివరి కుక్క కన్న మొదటి కుక్క ఎక్కువ పనికొస్తుంది. జనమేజయుడి యాగశాల దగ్గర తిరుగుతున్న సారమేయాన్ని అతని తమ్ములు ఏ తప్పూ లేకుండానే కొట్టారు. దాని తల్లి సరమ నిండు సభకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని అడిగింది. రాజు దగ్గర జవాబు లేదు. నన్నయ ఆంధ్ర మహాభారతం ఈ కథతోనే నడక మొదలుపెడుతుంది. దుర్బలుల్ని ఊరకే హింసించిన రాజుకి అకారణంగా భయం వచ్చిపడుతుందని సరమ చెప్పిపోయింది. అధికారం ముందు జవాబు అడగలేని ప్రాణి తరపున ఒకరు నిలబడి అడగటం, ఆ కథలోని సారం ఇది.

మరి ఈ గడప దగ్గర జవాబు అడగలేని ప్రాణి ఎవరు? కుక్క ఒకటి, ఒప్పుకుందాం. రెండోవారు అక్కడ పనిచేసేవాళ్ళు.

2023 జనవరిలో బంజారా హిల్స్‌లో ఒక అపార్టుమెంటుకి భోజనం పొట్లం తీసుకుపోయిన 23 ఏళ్ళ కుర్రవాడి మీదికి ఆ ఇంటి కుక్క వచ్చింది. తప్పించుకోబోయి మూడో అంతస్తునుంచి పడి ఆస్పత్రిలో చనిపోయాడు. అదే ఏడాది మే నెలలో మణికొండలో సరుకు అందించటానికి వెళ్ళిన మరొకడు, ఇట్లాగే కుక్క తరిమితే మూడో అంతస్తునుంచి దూకి గాయపడ్డాడు. "మా కుక్క ఏమీ అనదండీ" అన్న మాట ప్రతి యజమాని నోటా వింటాం. ఆ మాట నిజమే కావచ్చు. మెట్ల మీద నిలబడ్డవాడికి అది నిజమో కాదో తేల్చుకునే వ్యవధి వుండదు. యజమానికి అది ఇల్లు, ఆ కుర్రవాడికి అది పనిచేసే చోటు. వెళ్ళనంటే ఆ పూట కూలి పోతుంది.

2023లోనే మరో సంగతి పత్రికలకెక్కింది. హైదరాబాదులో ఒక గృహసముదాయంవాళ్ళు పనిమనుషులూ, పొట్లాలు తెచ్చేవాళ్ళూ పెద్ద లిఫ్టు ఎక్కితే జరిమానా అని నోటీసు పెట్టారు. దీన్ని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన సర్క్యులర్ పక్కన పెట్టి చదవండి. పెంపుడు కుక్కల్ని లిఫ్టుల్లోంచి నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని అందులో వుంది. ఆ సర్క్యులర్ తప్పని నేననటం లేదు. ముసలి కుక్కను ఐదంతస్తులు మెట్లెక్కించటం క్రౌర్యమే. ఐదంతస్తుల అంట్లు తోమే ఆడమనిషి మోకాళ్ళ గురించి కూడా ఎవరైనా ఒక సర్క్యులర్ రాసివుంటే బాగుండేదంటున్నాను.

నిజానికి మన చట్టాలు కుక్కను చూడవు, గొలుసు పట్టుకున్న చేతిని చూస్తాయి. రైలు సంగతి చూడండి. యజమాని ఫస్టు ఏ.సి.లో కూపే మొత్తం తీసుకోగలిగితే కుక్క ఆయన పక్కన ప్రయాణం చేస్తుంది. లేకపోతే గార్డు పెట్టెలోని కుక్కల గూట్లోకి పోతుంది. కుక్క అదే, టిక్కెట్టు వేరు. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆస్పత్రులు, బస్‌స్టాండ్లు, రైల్వేస్టేషన్లలోంచి వీధికుక్కల్ని తరలించమని ఆదేశించింది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వాచ్‌మన్ కొడుకు, నాలుగేళ్ళవాడు, తండ్రి పనిచేసే చోటనే వీధికుక్కల వాత పడ్డాడు. అటువంటివి జరిగాక ఆ ఆదేశాన్ని ఊరకే తీసిపారేయలేం. కాని యజమాని లేని కుక్కకు బస్‌స్టాండులో కూడా చోటు లేకుండా పోతున్న కాలంలోనే, యజమాని వున్న కుక్కకు కొండాపూర్‌లో 1.3 ఎకరాల పార్కు వుంది. 2018లో కోటీ పది లక్షల రూపాయలతో మునిసిపల్ కార్పొరేషనే తీర్చిదిద్దింది. 2022లో ఢిల్లీ త్యాగరాజ స్టేడియంలో ఒక పెద్ద అధికారి కుక్కతో షికారు చేయటానికి వీలుగా క్రీడాకారుల్ని సాయంత్రం పెందరాళే పంపేస్తున్నారని పత్రికలో వచ్చింది. ఆయన కాదన్నాడు, ప్రభుత్వం ఆయన్ని లడాఖ్‌కు బదిలీ చేసింది. కుక్క పేరు చెప్పి మైదానం ఖాళీ చేయించగలవాడికి అసలు కుక్క అవసరం లేదు.

కనక నా అభిప్రాయం ఇది. సార్వజనిక స్థలం అంటే భయపడే హక్కు కూడా వున్న స్థలం. కుక్కంటే భయం అజ్ఞానమని తోసిపుచ్చేవాళ్ళు ఒకసారి నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలోనో, నారాయణగూడ ఐ.పి.ఎం.లోనో కుక్కకాటు టీకాకి వచ్చినవాళ్ళని చూడాలి. రేబీస్ లక్షణాలు కనబడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేలమంది దానికి బలి అవుతారని అంచనా, అందులో మూడోవంతు మన దేశంలోనే. టీకా వేసిన పెంపుడు కుక్కతో ఈ ప్రమాదం చాలా తక్కువ. నిజమే. అయితే ఎదుటివాడికి కనిపించేది కోరలేగాని టీకా చీటీ కాదు. కాటుపడ్డ కూలిమనిషికి ప్రతి సూదిమందుకీ ఒక పూట కూలి పోతుంది.

అందువల్ల వేరేచోటికి పోదామన్నా పోలేని చోట్లున్నాయే, రేషన్ షాపు, మందుల కొట్టు, ఆస్పత్రి, బస్సు, బడి, అక్కడ పెంపుడు కుక్క వద్దు. అంధుడికి దారి చూపే కుక్కను వీటిలో దేనిలోకైనా రానివ్వాలి; అది ఆ మనిషి కన్ను, దాన్ని ఆపితే పౌరుణ్ణి ఆపినట్టే. అమెరికాలో 1990 చట్టం ఈ సంగతి ఒప్పుకుంది. తిండి సరుకులు విడిగా పోసి అమ్మే చోట వద్దనటానికి శుభ్రతే చాలు. మిగిలిన బట్టల షాపులూ, పుస్తకాల షాపులూ, కాఫీ హోటళ్ళూ రానిస్తామంటే రానివ్వనీండి. కాని ఆ నిర్ణయం యజమానీ, ఖాతాదారూ కలిసి చేసుకునేది కాకూడదు. రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయిల్ని ముందు అడగాలి, వాళ్ళు వద్దంటే వద్దు. సరేనంటే ఆ సంగతి గుమ్మానికి రాసిపెట్టాలి, భయపడేవాళ్ళు వేరే కొట్టు చూసుకుంటారు. ఎండలో కుక్కను కారులో పెట్టి తాళం వేసిపోయే దయామయుల గురించి చెప్పక్కర్లేదు. ఇంటి దగ్గర వదిలి రావటమే దాని మీద ప్రేమ.

పార్కూ, రోడ్డూ అందరివీ గనక అక్కడ కుక్కను కాదనలేం. పిల్లలు అమెరికాలో వుండి, ఒంటరిగా మిగిలిన ముసలివాళ్ళకు ఆ పొద్దుటి నడకే లోకంతో వున్న సంబంధం. గొలుసు వుండాలి. జంతువు విషయంలో అజాగ్రత్తను 1860 నాటి శిక్షాస్మృతి నేరంగా చూసింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కూడా ఆరు నెలల జైలో, ఐదువేల జరిమానాయో, రెండూనో అంటుంది. మరో సంగతి ఏ సెక్షన్‌కూ సరిగా లొంగటం లేదు. తెల్లవారకముందే చీపురు పట్టుకుని రోడ్డెక్కే ఆడవాళ్ళలో ఎక్కువమంది దళితులు. గొలుసు పట్టుకున్న పెద్దమనిషి వంగి తన కుక్క పెంటను తాను ఎత్తుకుపోయిందాకా, ఆయనకు రోడ్డు మీద వున్న హక్కు ఏమిటో వాళ్ళనే అడిగి తేల్చుకోవాలి. ఇంతవరకు ఏ నివాసుల సంఘం సమావేశానికీ వాళ్ళను పిలిచినట్టు నేను వినలేదు.