మొక్కు ఎవరిది?

మొక్కు అంటే దేవుడికి ఇచ్చుకున్న మాట. గండం గడిస్తే, కడుపు పండితే, పంట చేతికొస్తే ఫలానాది చేస్తానని మనిషి ముందుగా అనుకుంటాడు. అనుకున్నది జరిగాక చెల్లిస్తాడు. తెలంగాణలో నమస్కారమూ మొక్కే: దేవునికి మొక్కుతారు, పెద్దల కాళ్లు మొక్కుతారు. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటగట్టి దేవుడి దగ్గర పెడితే అది ముడుపు, ఇచ్చిన మాటకు గుర్తు. 'మొక్కుబడి' అన్న మాట మాత్రం వ్యవహారంలో చెడిపోయింది. మనసు పెట్టకుండా చేసే ఏ పనికైనా ఇప్పుడు అదే పేరు.

కరీంనగర్ వైపు మొక్కు అనగానే వేములవాడ రాజన్న. ఇక్కడి ప్రధానమైన మొక్కు కోడె. స్తోమత ఉన్నవాళ్లు కోడెదూడను తెచ్చి స్వామికి విడిచిపెడతారు. మిగతావాళ్లు గుడి దగ్గర టికెట్ తీసుకుంటే, అక్కడున్న కోడె పగ్గం చేతికిస్తారు. ఇంటిల్లిపాదీ దాని వెంట గుడి చుట్టూ తిరిగి కట్టేసే చోట కట్టేసి, దండం పెట్టుకుని వస్తారు. కాసేపటికి అదే పగ్గం ఇంకో కుటుంబం చేతిలో ఉంటుంది. తలనీలాలు, గండదీపం సరేసరి. మేడారం జాతరకు పోయేవాళ్లు ముందు రాజన్నను చూసుకుని పోవడం ఆనవాయితీ. మేడారంలో నిలువెత్తు బంగారం తూగుతామంటే ఆ బంగారం బెల్లమే. ఈ ప్రాంతంలో రాజేశం, రాజయ్య, రాజవ్వ అన్న పేర్లు ఇంత విరివిగా ఉండటం వెనకా చాలామట్టుకు మొక్కులే ఉన్నాయి. పుట్టిన బిడ్డ పేరే చెల్లింపన్నమాట.

ఇది దేవుడితో బేరమేనన్న ఆక్షేపణ పాతది. ప్లేటో రాసిన 'యూతిఫ్రో' సంభాషణలో సోక్రటీసు ఇదే అడుగుతాడు: భక్తి అంటే దేవుళ్లకూ మనుషులకూ మధ్య జరిగే వర్తకమా అని. యూతిఫ్రో అయిష్టంగానే ఒప్పుకోవాల్సి వస్తుంది. కానీ వర్తకానికి ఇద్దరు కావాలి. మొక్కులో మాట ఇచ్చేది ఒక్కరే. అవతలివైపు నుంచి ఏ హామీ లేదు. పని జరగకపోతే అడిగే చోటు లేదు, జరిగాక ఎగ్గొడితే జప్తు చేసేవాడు లేడు. మొక్కు మరిస్తే దేవుడు ఊరుకోడన్న భయం ఉందిగదా అంటే, ఉంది. అయితే కోరింది దక్కకపోయినా రాజన్న దగ్గరికి పోయి వచ్చేవాళ్లున్నారు. భయం ఒక్కటే వాళ్లను నడిపిస్తుందనడం కష్టం. భగవద్గీత ఏడో అధ్యాయం భక్తులను నాలుగు రకాలుగా చెబుతూ, ఆపదలో ఉన్నవాణ్ని, అర్థం కోరేవాణ్ని కూడా ఉదారుల్లోనే లెక్కించింది. జ్ఞానికి పై పీట వేసింది నిజమే గానీ తక్కినవాళ్లను బయటికి పంపలేదు.

వేములవాడ గుడి ఆవరణలో దర్గా కూడా ఉంది, రాజన్న భక్తులు అక్కడా మొక్కుతారు. ఇస్లాం సంప్రదాయం ఈ ప్రశ్నను మరింత కటువుగా తేల్చింది. మొక్కు విధిని మార్చదని, పిసినారి చేత కాస్త ఖర్చు పెట్టించడమే దాని ఫలమని హదీసులు చెబుతాయి. అయినా మంచి పనికి మొక్కుకున్నది చెల్లించి తీరాలి. మొక్కుకోవడం అంత మంచిది కాదు, మొక్కుకున్నాక తప్పుకోవడానికీ లేదు. పైకి ఒకదానికొకటి పొసగనట్టున్నా ఇందులో లోతైన లెక్క ఉంది: మొక్కు బలం దేవుడి మీద పనిచేయదు, మాట ఇచ్చినవాడి మీదే పనిచేస్తుంది.

ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ నాగోబా దగ్గర వ్యవహారం వేరు. గోండుల్లోని మెస్రం వంశం వారు ఏటా జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు వరకు కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు, పుష్య అమావాస్య రాత్రి మహాపూజ చేస్తారు. కొత్త కోడళ్లను దేవుడికి చూపించే భేటింగ్ జరిగితేనే వాళ్లకు పూజలో చోటు. ఇక్కడ ఎవరూ ఏమీ కోరి మాట ఇవ్వలేదు. ఆ వంశంలో పుట్టడం, మెట్టడంతోనే బాధ్యత వచ్చింది. పుట్టుకతోనే మనిషికి దేవ, ఋషి, పితృ రుణాలుంటాయని వైదికులు చెప్పింది ఈ తరహాదే. మొక్కు అలాంటిది కాదు, నెత్తికి ఎత్తుకుంటేనే అప్పు.

మరి ఒకరు ఎత్తుకున్న అప్పు ఇంకొకరు తీర్చవచ్చా? మొక్కుల్లో ఎక్కువ భాగం తల్లులు పిల్లల కోసం మొక్కినవి. వెంట్రుకలు తీసేది మాట ఇవ్వని పసివాడికి. తల్లి పోయాక ఆమె మొక్కును కొడుకులు పోయి చెల్లించడమూ ఉంది. అందరికన్నా ఎక్కువ మోసేది కోడె. దాన్ని ఎవరూ అడగలేదు. వేములవాడ దేవస్థానం గోశాలలో పట్టనన్ని కోడెలు చేరడం, అవి చనిపోవడం పత్రికలకెక్కాయి. గుడిలో విడిచిపెట్టడంతో భక్తుడి మొక్కు తీరుతుంది, పోషణ భారం అక్కడినుంచి మొదలవుతుంది. జీవాన్ని ఇస్తానన్న మాటలో దాని మేత, నీడ కూడా ఉన్నాయా అన్నది దేవస్థానం ఒక్కటే తేల్చాల్సిన సంగతి కాదు.

ఒకదానికి బదులు ఇంకొకటి, ఒకరికి బదులు ఇంకొకరు చెల్లుతారా అన్న చర్చ వైదిక కర్మల గురించి పూర్వమీమాంసకులు చేశారు. యజ్ఞానికి విధించిన ధాన్యం దొరకకపోతే దానికి బదులు వేరే ధాన్యం వాడవచ్చన్నారు. దేవతకు, మంత్రానికి, కర్మకు మాత్రం బదులు లేదు; సాధారణంగా యజ్ఞం చేసే యజమానికీ లేదు. ఈ లెక్కన టికెట్ కోడె సొంత కోడెకు బదులు కాగలదు, పట్టుకునే చెయ్యి మాత్రం మొక్కినవారిదే కావాలి. ఊళ్లలో శాస్త్రం ఇంత బిగువుగా ఉండదు. గల్ఫ్‌కు పోయినవాడి పేరు మీద భార్యో తల్లో కోడె కట్టి వస్తారు. తలనీలాలు మొక్కి ఉంటే అవి అతను తిరిగి వచ్చేదాకా ఆగుతాయి.