వాదమా, సంవాదమా?

ఎదుటివానిని ఓడించుట కష్టమా, అతని మాటను నిజముగా వినుట కష్టమా? కళాశాల విద్యార్థులకు మొదటిది నేర్పుటకు పోటీలును, బహుమతులును గలవు. రెండవదానిని నేర్పు బాధ్యత ఎవరిది?

కొన్ని యేండ్ల క్రిందట ఒక కళాశాలలో వక్తృత్వపు పోటీకి నేను న్యాయనిర్ణేతగా నుంటిని. ఉన్నతవిద్య మాతృభాషలో సాగవలెనా యనునది విషయము. ఒక గ్రామీణ విద్యార్థి తడబడుచు, "పాఠము అర్థము కాని పిల్లవాడు గురువును ఎట్లు ప్రశ్నింపగలడు?" అని యడిగెను. ప్రతిపక్షపు యువకుడు ఆ ప్రశ్నను విడిచి, ఆ తడబాటును అనుకరించి చూపెను. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెను. ప్రథమ బహుమతిని అతనికే యిచ్చితిని. ఆ ప్రశ్నకు ఎవ్వరును జవాబు చెప్పలేదని ఇల్లు చేరిన పిమ్మటగాని నాకు తోచలేదు. ఆ లోపము నాది.

గౌతముని న్యాయదర్శనము చర్చను మూడు తెరగులుగా విభజించినది. తత్త్వనిర్ణయమునకై చేయునది వాదము. గెలుపే లక్ష్యమైనది జల్పము. స్వపక్షమును నిలుపక పరపక్షమును ఖండించుటయే వితండ. నాడు నేను బహుమతి నిచ్చినది జల్పమునకు.

12వ శతాబ్దమున కల్యాణమునందు వెలసిన అనుభవమంటపము సంవాదమునకు నెలవు. 15వ శతాబ్దమున సంకలితమైన శూన్యసంపాదన శరణుల వచనములను సంభాషణలుగా కూర్చినది. అందు అల్లమప్రభువు అక్కమహాదేవిని మిక్కిలి కఠినముగా ప్రశ్నించును. ఆమె వెనుదీయక బదులు చెప్పును. తుదకు ఆ ప్రభువే ఆమె అనుభవమును కొనియాడును. ప్రశ్నించినవాడు జవాబు వినుటకు సిద్ధముగా నుండుటయే ఆ సభకు గౌరవము.

"ఓర్పుతో వినుట అన్యాయమునకు తలయూపుట కాదా?" అని కొందరు సందేహింతురు. కాదు. పుట్టుకను బట్టి మనిషిని తక్కువచేయు మాటను బసవేశ్వరుడు అంగీకరింపలేదు, మనమును అంగీకరింపరాదు. కాని ఆ మాట పలికినవానిలో ఏ భయము, ఏ అలవాటు పనిచేయుచున్నదో వినక అతనిని మార్పజాలము.

కావున అధ్యాపకులును, విద్యార్థి వసతిగృహములు నడుపు మఠములవారును ఒక చిన్న నియమమును నెలకొల్పుదురుగాక. బదులు చెప్పుటకు ముందు, ఎదుటివాని మాటను అతడు "అవును, నేనన్నదిదియే" అనునట్లు తిరిగి చెప్పవలెను. ఖండన ఆ తరువాతనే. పూర్వపక్షమును ముందుంచి సిద్ధాంతమును చెప్పిన మన శాస్త్రకారుల పద్ధతి యిదియే. చర్చ ముగిసినపుడు, తన అభిప్రాయములో ఏది మారినదో, ఏది మారలేదో ప్రతి విద్యార్థియు చెప్పవలెను.

ఆ పోటీ మరల జరిగినచో, ఆ గ్రామీణ విద్యార్థి ప్రశ్నకు జవాబు వెదకినవానికే నేను బహుమతి నిత్తును.