ఆ గీతలు లోపల ఉంటాయా?

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో ముప్ఫై ఏళ్లు పైప్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. మోకాళ్లు అరిగాయని డాక్టర్లు చెప్పాక ఎవరో సలహా ఇస్తే ఆక్యుపంక్చర్‌కి వెళ్లడం మొదలుపెట్టాడు. పది సిట్టింగులయ్యేసరికి రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లెక్కుతున్నాడు. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. అక్కడ గోడ మీద మనిషి బొమ్మ ఉంది. తల నుంచి కాలి బొటనవేలి దాకా రంగురంగుల గీతలు, వాటి మీద చుక్కలు. తిరిగొస్తుంటే కారులో అడిగాడు: "ఆ గీతలు నిజంగా లోపల ఉంటాయేట్రా? లైనంటూ ఉంటే విప్పి చూస్తే కనబడాలి కదా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేకపోయానో ఆలోచించుకుంటూ రాస్తున్నదే ఇది.

మొదటి చిక్కు మన మాటల్లోనే ఉంది. నరం పట్టేసిందంటే కండరం. ముసలాళ్ల చేతుల మీద నరాలు తేలాయంటే రక్తనాళాలు. నరాల డాక్టరంటే న్యూరాలజిస్టు. 'నాడి' ఇంకా ఘోరం. వైద్యుడు పట్టుకుంటే పల్స్, స్కూలు పుస్తకంలో నెర్వ్, యోగా క్లాసులో ప్రాణం తిరిగే దారి. చైనా వాళ్ల 'మై' అనే మాటా ఇలాంటిదే. రక్తనాళమూ అదే, నాడి కొట్టుకోవడమూ అదే. కోతకు ముందే మాటలో ఇన్ని కలిసిపోయి ఉంటే, కోసిన తర్వాత దేని కోసం వెతకాలి?

అలాగని పాతవాళ్లు కోసి చూడలేదనుకోకూడదు. రెండువేల ఏళ్ల నాటి 'హువాంగ్‌డీ నైజింగ్' ఒంట్లోని పన్నెండు దారులను చైనాలోని పన్నెండు నదులతో జత చేస్తుంది. అదే అధ్యాయంలో, మనిషి చనిపోయాక కోసి చూడవచ్చునని కూడా అంటుంది. క్రీ.శ. 16లో వాంగ్ మాంగ్ చక్రవర్తి ఒక శత్రువు శవాన్ని కోయించి, నాళాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో తెలుసుకోవడానికి వాటిలోకి సన్నని వెదురు పుల్లలు పెట్టించాడు. 1973లో మావాంగ్‌దుయ్‌లో, క్రీ.పూ. 168లో మూసిన సమాధి నుంచి బయటపడిన పట్టు రాతల్లో ఉన్నది పన్నెండు దారులు కాదు, పదకొండే. అంటే ఈ పటం ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనుషులు దిద్దుకుంటూ గీసుకున్నది.

మన దగ్గరా అలా చూసినవాళ్లున్నారు. గంగలో కొట్టుకొస్తున్న శవాన్ని ఒడ్డుకు లాగి, కత్తితో కోసి, నాడీచక్రాల పుస్తకాలు పక్కన పెట్టుకుని పోల్చి చూశానని దయానంద సరస్వతి తన ఆత్మకథలో చెప్పాడు. ఏదీ కలవలేదు. ఆ పుస్తకాలు చించి శవంతో పాటే నదిలో పడేశాడు.

చైనా గీతల విషయంలోనూ అంతే. మన ఊళ్లో 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఇన్ని తరాల విద్యార్థులు శవాల మీద అనాటమీ నేర్చుకున్నారు. అక్కడే కాదు, ప్రపంచంలో ఏ డిసెక్షన్ బల్ల మీదా ఆ గీతలు తేలలేదు. 1960ల మొదట్లో ఉత్తర కొరియాలో కిమ్ బాంగ్‌హాన్ ఆ దారుల గొట్టాలు కనుక్కున్నానని ప్రకటించాడు. ఆ దశాబ్దం మధ్యకొచ్చేసరికి ఆయన పేరు వినిపించకుండా పోయింది. 2002లో హెలెన్ లాంజెవిన్, జేసన్ యాండో చేతి మీది బిందువుల్లో దాదాపు 80 శాతం కండరాల మధ్య పొరలున్న చోట పడుతున్నాయని రాశారు. ఆసక్తికరమే. కానీ ఆ పొరలు ఒళ్లంతా ఉంటాయి. పటం మాత్రం ఈ చుక్కే, పక్కది కాదు అంటోంది.

ఇక్కడితో తేలిపోయిందని నేననను. కత్తికి దొరకనంత మాత్రాన అబద్ధం కావాలనేం లేదు. 1933లో తెరిచిన మన లోపలి హార్బర్‌లోకి ఓడలు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి సన్నటి దారిలో వస్తాయి. దాన్నీ చానెలే అంటారు. నీళ్ల మీద గీతేం ఉండదు, చార్టులోనే ఉంటుంది. నేను రోజూ గీసే నెట్‌వర్క్ బొమ్మల్లోని గీతలకూ సర్వర్ గదిలో అలాంటి తీగలుండవు. అయినా ఓడ గీత తప్పితే అడుగు తగులుతుంది. నా గీత తప్పితే రాత్రి రెండింటికి ఫోనొస్తుంది. గీత కంటికి కనబడక్కర్లేదు. కానీ తప్పితే ఏదో ఒక తేడా రావాలి.

ఆ పరీక్ష జరిగింది. అదీ మోకాళ్ల మీదే. జర్మనీలో వెయ్యి మందికి పైగా రోగులతో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. పటం ప్రకారం సూదులు గుచ్చినవాళ్లలో 53.1 శాతం మందికి గుణం కనిపించింది. పటంతో సంబంధం లేని చోట్ల పైపైన గుచ్చినవాళ్లలో 51 శాతం మందికి. సూదులు లేకుండా డాక్టరు చూసినవాళ్లలో 29.1 శాతం మందికే. వేరే అధ్యయనాల్లో అసలు సూదులకూ ఉత్తుత్తి సూదులకూ మధ్య కొద్దిపాటి తేడా కనిపించిన సందర్భాలున్నాయి. కానీ పెద్ద తేడా సూది గుచ్చించుకోవడానికీ గుచ్చించుకోకపోవడానికీ మధ్యే. ఓడ చానెల్లో వెళ్లినా, పక్కనుంచి వెళ్లినా ఇంచుమించు ఒకేలా రేవు చేరుతోందన్నమాట.

మరి నాన్నకి చెప్పాలా? మెట్లెక్కుతున్న మనిషిని ఆపి లెక్చరివ్వడం దేనికి? ఆ ఉపశమనంలో నమ్మకానికీ వాటా ఉంటే, నా మాట దాన్ని కాస్త తగ్గించవచ్చు కూడా. ఈ లెక్క వేసుకునే ఒక వారం ఊరుకున్నాను. దాన్నే ప్రేమనుకున్నాను.

తర్వాతి వారం వచ్చి చెప్పాడు, "ప్లీహం లైను తెరుచుకుందంట. షుగర్ మాత్ర సగానికి తగ్గించుకోవచ్చన్నాడు."

అప్పుడు అర్థమైంది. నొప్పి విషయంలో సాక్షి నాన్నే. తగ్గిందంటే తగ్గినట్టే, పటం తప్పయినా పెద్దగా నష్టం లేదు. షుగర్ అలా కాదు. అది పెరుగుతుంటే చాలాకాలం ఒంటికి తెలియదు. ఒళ్లు నోరు విప్పని చోట మనిషి పటాన్నే నమ్ముకుని నడవాలి. మోకాలి దగ్గర సంపాదించుకున్న నమ్మకంతో పటం ఇప్పుడు రక్తం గురించి తీర్పు చెబుతోంది. వారం పాటు నేను ఊరుకున్నది ఈ పెత్తనానికే.

సంప్రదాయాన్ని పరీక్షకు పెట్టడమంటే దాన్ని అవమానించడమని కొందరంటారు. నాకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తాడు. అమెరికా వెళ్లకముందు ఆయన మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పాడు. ఆయుర్వేదాన్ని ప్రేమించిన లక్ష్మీపతి గారే తన విద్యార్థులకు ఆ పాఠం పెట్టించారు. గౌరవమంటే అలా ఉండాలనిపిస్తుంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక అంతా చెప్పాను. నదులు, వెదురు పుల్లలు, జర్మనీ లెక్కలు. "నొప్పి తగ్గడం నిజమే నాన్నా. లైనే దొరకలేదు. మాత్ర మాత్రం డాక్టర్ని అడక్కుండా తగ్గించకు."

కాసేపు మోకాలు నిమురుకున్నాడు.

"అయితే ఎక్కడ గుచ్చినా ఒకటేనేటి?"

"దాదాపు."

"మరి ఆ చీలమండ దగ్గర మానేయమని చెప్తాను. అక్కడ మహా నొప్పి."

సిట్టింగులకి ఇప్పటికీ వెళ్తున్నాడు. షుగర్ మాత్ర పూర్తిదే వేసుకుంటున్నాడు. మొన్న మాత్రం, "వారం ఆగి చెప్పావేట్రా?" అనడిగాడు. దానికి నా దగ్గర మంచి జవాబు లేకపోయింది.