వంగే కొలబద్ద



బడులు తెరిచిన వారంలో ఒక సాయంత్రం మా నిమ్మనపల్లెలో ఒక తల్లి తొమ్మిదేళ్ళ కూతురిని వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. టమోటా తోటల్లో కూలికి పోయే మనిషి. భర్త బెంగుళూరులో కట్టడం పనులకు వెళ్ళాడు. పాప చేతిలో చిన్న గుడ్డసంచి ఉంది. అందులో ఇన్సులిన్ సీసా, సూదులు, ఒక చక్కెర పొట్లం.

"ఆ బళ్ళో ఒద్దనేసినారు సామీ. బాగా నయమైనాక పిల్చుకోని రమ్మన్నారు" అన్నది ఆ తల్లి. కాసేపు ఆగి మెల్లగా అడిగింది: "ఇంగో బళ్ళో జబ్బు సంగతి చెప్పకుండా చేర్పిస్తే తప్పా సామీ?"

ఆమె అడిగినది ఒకటే ప్రశ్న. నాకు మాత్రం అందులో రెండు వినిపించాయి. జబ్బు దాచడం తప్పా అన్నది మొదటిది. దాచుకోవలసిన అవసరం ఆమెకు ఎవరు కల్పించారు అన్నది రెండవది. రెండవదానికి జవాబు చెప్పుకోకుండా మొదటిదానికి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

నయమైనాక రమ్మనడం వినడానికి దయగానే ఉంటుంది. ఆటలమ్మ పోసిన పిల్లవాడికి చెప్పదగిన మాటే. కాని ఈ పాపది మొదటి రకం మధుమేహం. శరీరాన్ని కాపాడవలసిన శక్తే పొరపాటుపడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేయడం వల్ల ఇది వస్తుంది. మిఠాయిలు తిన్నందువల్ల రాదు. ఒకరినుండి ఒకరికి అంటదు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ బాలుడికి తొలిసారిగా ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు సోకిన పిల్లలు ఎక్కువ కాలం బ్రతికేవారు కారు. కనుక వారిని ఏ బడికి పంపాలన్న ప్రశ్నే లేదు. ఇప్పుడు రోజూ సూది వేసుకుంటూ చదువుకోవచ్చు, ఉద్యోగం చేయవచ్చు, సంసారం సాగించవచ్చు. అయితే ఆ సూది జీవితాంతం ఉంటుంది. కాబట్టి "నయమైనాక రా" అంటే, ఈ బిడ్డ విషయంలో "ఎప్పుడూ రావద్దు" అని అర్థం.

ఆ బడిని తప్పుపట్టే ముందు నా సంగతి చెప్పక తప్పదు. చాలా ఏళ్ళ క్రితం, వేరొక చోట, నేను ఒక బడికి కరస్పాండెంటుగా ఉన్నాను. మూర్ఛ వచ్చే కొడుకును ఒక తండ్రి తీసుకొచ్చాడు. మాత్రలు వాడుతున్నాడనీ, ఏడాదిగా మూర్ఛ రాలేదనీ డాక్టరు రాసిన చీటీ చూపించాడు. నేను చదివి మడిచి ఇచ్చేశాను. "మీ బిడ్డ మంచి కోరే చెబుతున్నాను, పెద్ద ఊళ్ళో ఏదైనా తగిన బడి చూడండి" అన్నాను. నిజానికి నేను కోరినది నా మంచి. పిల్లవాడు తరగతిలో పడిపోతే నలుగురూ నన్ను నిలదీస్తారని భయపడ్డాను. ఆ తండ్రి నాకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ దండం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

బడులవారి వాదనలో బలం లేకపోలేదు. "నియమం అందరికీ ఒకటే. తరగతిలో తినకూడదు. గంట కొట్టకముందు బయటికి పోకూడదు. ఒకరికి సడలిస్తే మిగిలిన నలభైమందికి ఏం చెప్పాలి?" అంటారు. ఇది ఈనాటి ప్రశ్న కాదు. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దంలోనే అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథంలో దీనిని చర్చించాడు. చట్టం అందరినీ దృష్టిలో పెట్టుకొని మాట్లాడుతుంది. మనుషుల కష్టాలు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో రకంగా వస్తాయి. అటువంటప్పుడు, చట్టం చేసినవాడే ఇక్కడ ఉంటే ఏమి చెప్పి ఉండేవాడో అది చేయడమే నిజమైన న్యాయం అంటాడాయన. ఇందుకు లెస్బోస్ ద్వీపపు కట్టడాల్లో వాడిన సీసపు కొలబద్దను ఉదాహరణగా చూపించాడు. రాయి ఎగుడుదిగుడుగా ఉంటే ఆ కొలబద్ద రాతి ఆకారానికి వంగుతుంది. వంగినా అది కొలబద్దే.

పునీత తోమాసు అక్వినాసువారు ఈ ఆలోచనను స్వీకరించి, మరొక ఉదాహరణ ఇచ్చారు. దాచమని ఇచ్చిన వస్తువును అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలన్నది చట్టం. అయితే కత్తి దాచుకున్నవాడు మతిచెడి వచ్చి కత్తి ఇమ్మంటే ఇవ్వాలా? ఇస్తే చట్టంలోని అక్షరం నిలుస్తుంది, దాని ఉద్దేశం చస్తుంది.

ఇదే పరీక్షను మన తరగతి గదికి పెట్టి చూడండి. తరగతిలో తినకూడదన్న నియమం ఎందుకు పుట్టింది? పిల్లల మనసు పాఠం మీద నిలవాలని. రక్తంలో చక్కెర పడిపోయిన పిల్లకు చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, చూపు ఎటో పోతుంది. పాఠం ఎలా వింటుంది? మూడు చెంచాల చక్కెర నోట్లో వేసుకుంటే కాసేపటికి తేరుకొని మళ్ళీ వింటుంది. అంటే ఆ పాప తినడమే ఆ నియమం కోరినది. మిగిలిన నలభైమందికి ఏం చెప్పాలంటారా? నిజం చెప్పాలి. చూపు తక్కువైన పిల్లవాడు కళ్ళద్దాలు పెట్టుకుంటే, నాకూ కావాలని తక్కినవాళ్ళు గొడవ చేయడం లేదు కదా!

ఇక భయం సంగతి. అది అబద్ధపు భయం కాదు. కాని దానికి మందు తెలుసుకోవడమే. ఏ లక్షణాలు కనిపిస్తే చక్కెర ఇవ్వాలి, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆస్పత్రికి ఎలా చేర్చాలి, తల్లికి ఎలా కబురు చేయాలి — ఇవి ఒక కాగితం మీద పట్టే సంగతులు. తెలియకపోతేనే ప్రమాదం. జబ్బు ఉన్నదని తెలియని పంతులు, వణికే పిల్లను సోమరి అనుకోవచ్చు. మాటకు బదులు చెప్పకపోతే పొగరనీ అనుకోవచ్చు.

అటువంటి పొరపాటు మన ప్రాంతపు బిడ్డ విషయంలోనే ఒకప్పుడు జరిగింది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని చిన్నతనంలో మలేరియా జ్వరాలు విడవకుండా పీడించాయి. చాలాకాలం బడికి దూరమయ్యాడు. బడికి వెళ్ళినప్పుడు మందబుద్ధి అని దెబ్బలు తిన్నాడు. ఆయన తత్వంతో మనం ఏకీభవించినా ఏకీభవించకపోయినా, ఆ బాలుడు మందబుద్ధి కాదని లోకానికంతటికీ తెలిసింది. ఆయన స్థాపించిన ఋషివ్యాలీ మదనపల్లెకు దగ్గరలోనే ఉంది. అక్కడివారు చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడదీసి, నిచ్చెన మెట్లలా పేర్చారు. పదిరోజులు రాలేకపోయిన పిల్లవాడు, తిరిగి వచ్చినప్పుడు తాను ఆగిన మెట్టునుండే మొదలుపెడతాడు. తరగతి తనను వదిలేసి వెళ్ళిపోయిందన్న దిగులు ఉండదు. ఆస్పత్రికీ బడికీ మధ్య తిరిగే బిడ్డకు ఇంతకంటే ఏం కావాలి? వంగే కొలబద్ద పుస్తకాల్లోని మాట మాత్రమే కాదు, మన పొరుగునే ఉన్నది.

చట్టం కూడా ఇటే నడుస్తోంది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగేళ్ళ పిల్లలకు దగ్గరి బడిలో చదువుకునే హక్కు ఇచ్చింది. మధుమేహం ఉన్న విద్యార్థులు బోర్డు పరీక్ష హాలులోకి చక్కెర బిళ్ళలు, పండ్లు, నీళ్ళు తీసుకుపోవచ్చని 2017లో సి.బి.ఎస్.ఇ. అనుమతించింది. ఈ పిల్లలు బడిలో రక్తపరీక్ష చేసుకోవడానికి, సూది వేసుకోవడానికి, మధ్యలో తినడానికి వీలు కల్పించాలని 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రాష్ట్రాలను కోరింది. మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు సరైనదేనా అన్న సందేహం 2025లో ఆ కోర్టులోనే మళ్ళీ లేచింది. అది ఎలా తేలినా, మన బడులు నడిపేవారితో ఒక మాట మనవి చేస్తాను. చట్టం బలవంతపెట్టదు కదా అని మనస్సాక్షి మనల్ని వదిలిపెట్టదు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. "దాచవద్దమ్మా" అన్నాను. అబద్ధం పాపం అని భయపెట్టడానికి చెప్పలేదు. జబ్బును దాచితే, ఆదుకోగలిగిన చేతులను మనమే కట్టేసినట్టవుతుంది. పాప కళ్ళు తిరిగి పడిపోయిన వేళ, పక్కనున్న పంతులమ్మకు ఏం చేయాలో తెలియదు. పైగా తన శరీరం సిగ్గుపడవలసినదని ఆ బిడ్డ నేర్చుకుంటుంది. కాని పాఠకులారా, ఆ దాపరికంలో బరువైన భాగం ఆ తల్లిది కాదు. నిజం చెప్పమని అడిగి, చెప్పినవారిని గేటు బయటికి పంపే బడి, తల్లులకు అబద్ధం నేర్పుతుంది. పిల్లలకు సత్యాన్ని నేర్పవలసిన చోటు అది.

మరొక హెచ్చరిక కూడా అవసరం. కొలబద్ద వంగాలన్నానుగాని విరగాలనలేదు. జాలిపడి ఇంటిలెక్కలు మాఫీ చేయడం, ఆటలనుండి తప్పించి చెట్టుకింద కూర్చోబెట్టడం కూడా ఆ బిడ్డను బయట ఉంచడమే. అవసరమైన చోట సడలించి, మిగిలిన అన్నిటిలో అందరితో సమానంగా చూడాలి.

తగిన బడి అంటే పెద్ద భవనం, పెద్ద ఊరు అని ఒకప్పుడు నేను ఆ తండ్రికి చెప్పాను. ఇప్పుడు అలా అనుకోను. తల్లి పిలిస్తే రాగలిగినంత దగ్గరలో ఉండి, జబ్బు పేరు విని బెదరకుండా, ఏం చేయాలో అడిగి తెలుసుకునే బడి తగిన బడి.

మరుసటి ఉదయం మేము ముగ్గురం ప్రభుత్వ బడికి వెళ్ళాం. తల్లి అంతా చెప్పింది, ఏమీ దాచలేదు. ప్రధానోపాధ్యాయిని చివరిదాకా విని, పాపవైపు తిరిగి ఒక్క మాట అడిగింది: "చక్కెర డబ్బా ఎక్కడ పెట్టుకుందాం పాపా, నా బల్లమీదా, నీ సంచిలోనా?"

"రెండు చోట్లా మేడం" అన్నది పాప.

వచ్చే జూన్‌లో మీ బడి గుమ్మంలోకీ ఇటువంటి తల్లి రావచ్చు. ఆమెను మొదట ఏం అడగాలో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.