పితృస్మరణము – కృతజ్ఞత

సంవత్సరములో వచ్చు పండుగలలో కొన్ని దేవతారాధనకే పరిమితములు గాక, గతించిన పెద్దలను తలచుకొనుటకు కూడ ఏర్పడినవి. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించు సంక్రాంతి పుణ్యకాలమున పితృదేవతలకు తిలతర్పణములు విడుచుట అనేక కుటుంబములలో పరంపరగా వచ్చుచున్న ఆచారము. ఉత్తరాంధ్రమున ఆ పండుగకు తెచ్చిన నూతనవస్త్రములను ముందుగా పెద్దల పేర నుంచి, ధూపము వేసి, నమస్కరించిన పిమ్మట కట్టుకొనువారు కలరు. తెలంగాణలో భాద్రపద బహుళ అమావాస్యను పెత్రమాస యందురు. ఆనాడు పెద్దల పేర బియ్యము, కూరగాయలు దానమిచ్చి, సాయంకాలము ఎంగిలిపూల బతుకమ్మను పేర్తురు. పెద్దల స్మరణయు, బిడ్డల ఉత్సాహమును ఒకే దినమున కలిసియుండుట గమనింపదగినది.

ఇచ్చట ఒక ప్రశ్న ఉదయించును. పండుగనాడు పెద్దలను ప్రేమతో తలచుకొనుటయే కృతజ్ఞత యగునా? తాతగారు చెప్పిన కథ, అమ్మమ్మ చేసిన పిండివంట, నాయనమ్మ ఒడిలో పట్టిన నిద్ర తలపునకు వచ్చినపుడు ఎట్టివాని హృదయమైనను మెత్తబడును. కాని ఆ మాధుర్యమును అనుభవించుచున్నవాడు తలచుకొనువాడే. దానివలన పెద్దల ఋణము కొంచెమైనను తీరినదనుటకు వీలులేదు. కృతజ్ఞుడనగా చేయబడినదానిని ఎఱిగినవాడని అర్థము. కావున కృతజ్ఞత మొదట ఎఱుక, పిమ్మటనే అనురాగము. తనకు లభించినదానిని స్మృతి గుర్తుచేయును. దానికై ఎవరు ఏమి వెచ్చించిరో కృతజ్ఞత విచారించును.

సంక్రాంతి అరిసెనే ఉదాహరణముగా గ్రహింపవచ్చును. దాని రుచి జ్ఞాపకమున్నవారు అనేకులు. పిండిమరలు లేని కాలమున బియ్యమును ముందునాడే నానబోసి, నీరు వడియనిచ్చి, తడి ఆరకముందే రోటిలో దంచి, జల్లించి, బెల్లపు పాకము ముదిరిపోకుండ పిండి కలిపి, పొయ్యి సెగ యెదుట కూర్చుండి ఒక్కొక్క అరిసెను వత్తి, వేయించి, చెక్కలతో నొక్కి తీసిన చేతులను జ్ఞాపకముంచుకొనినవారు కొందఱే. బిడ్డలును బంధువులును తినిన పిమ్మట ఆ యిల్లాలికి మిగిలినదెంత? ఆమె ఏ వేళకు భోజనమునకు కూర్చుండెడిది? ఆమెకు ఇష్టమైన పదార్థమేదో ఎవరైనను అడిగిరా? ఈ ప్రశ్నలు లేని స్మరణ మధురమే కాని, అసంపూర్ణము.

గతించినవారికి పెట్టినది వారికి చేరునా యను సంశయము నేటిది కాదు. శ్రీమద్రామాయణము అయోధ్యాకాండమున జాబాలి ఈ వాదమునే శ్రీరాముని యెదుట నుంచెను. ఒకరు భుజించిన అన్నము వేఱొకరి దేహమును చేరునేని, దూరదేశమునకు పోవువానికి దారిబత్తెమేల, ఇంట శ్రాద్ధము పెట్టిన చాలును గదా యని ఆయన ఆక్షేపము. శ్రీరాముడు దానిని తిరస్కరించి, సత్యమే సర్వమునకు మూలమని పలికి, తండ్రికిచ్చిన మాటయందే నిలిచెను. అంతకు ముందే, తండ్రి మరణవార్త వినినపుడు, మందాకినిలో తర్పణము విడిచి, గారపండ్ల పిండిని రేగుపండ్లతో కలిపి దర్భలపై పిండము నుంచెను. అది చక్రవర్తికి తగిన భోజనము కాదని కౌసల్య దుఃఖించెను. కాని వనములో తనకు ఆహారమైనదానినే రాముడు తండ్రికి సమర్పించెను. ఆ పిండము దశరథుని చేరినదని జాబాలికి ప్రత్యక్షప్రమాణము చూపుట శక్యము కాకపోవచ్చును. అయినను ఒక విషయము స్పష్టము. మాటను విడిచిన రాజ్యము లభించును. తప్పితివని అడుగుటకు దశరథుడు లేడు. తిరిగి రమ్మని భరతుడే ప్రార్థించుచున్నాడు. అట్టి స్థితిలో నిలుచుటయే కృతజ్ఞతకు నిజమైన పరీక్ష. ఇచ్చినవారు చూడనపుడును చెల్లింపబడునదే ఋణవిముక్తి.

తర్పణవిధి చివర ఒక చిన్న క్రియ కలదు. తడివస్త్రమును పిండి, ఆ నీటిని తమ వంశమున పుట్టి, సంతానము లేక గతించినవారికి విడుతురు. చిన్నతనముననే భర్తను గోల్పోయి, పుట్టింట చేరి, అన్నదమ్ముల బిడ్డలకు తలంటిపోసి, అన్నము కలిపి పెట్టి, ఎవరికిని తల్లి కాకయే అందఱికిని తల్లియైన మేనత్తలు వెనుకటి తరములలో ఎన్ని యిండ్లలోనో యుండిరి. అట్టివారి పటములు గోడలపై అరుదు. పేరు తలచువారు లేనివారిని మఱువరాదని పూర్వులు విధించుట సామాన్యమైన దయ కాదు.

పెద్దలందఱును ప్రేమమూర్తులు కారు. కఠినులును, అన్యాయము చేసినవారును కలరు. వారియెడ కృతజ్ఞత ఎట్లు పొసగును? శ్రీమద్భాగవతమున ప్రహ్లాదుని చరితము దీనికి సమాధానము. హిరణ్యకశిపుడు పెట్టిన బాధలను ప్రహ్లాదుడు దాచలేదు. తండ్రి హరిని నిందించెననియు, తనయెడ అపరాధము చేసెననియు స్వామితో స్పష్టముగానే పలికెను. పలికి, ఆ తండ్రి పవిత్రుడు కావలెనని వరము కోరెను. పిమ్మట స్వామి యాజ్ఞతో ఉత్తరక్రియలు జరిపెను. ఎఱుకయే కృతజ్ఞతకు మూలమైనపుడు అసత్యముతో పని లేదు. దోషమును దోషమని తెలిసియు, ఆ వ్యక్తికి మేలు కోరవచ్చును.

ఇక జీవించియున్న పెద్దల మాట. తైత్తిరీయోపనిషత్తులో విద్య ముగించి వెడలు శిష్యునకు ఆచార్యుడు, దేవపితృకార్యములయందు ఏమఱకుమని చెప్పి, వెంటనే తల్లిని, తండ్రిని దైవముగా చూడుమని బోధించెను. ఈ రెండును ప్రక్కప్రక్కనే యుండుట యాదృచ్ఛికము కాదు. అయినను తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమముల కొఱకు 2007లో మన దేశమున ఒక చట్టము చేయవలసివచ్చినది. అన్నము, వస్త్రము, నివాసము, వైద్యము బిడ్డలనుండి కోరుటకు తల్లిదండ్రులకు అది హక్కు కల్పించినది. నిరాదరణకు గుఱియైనవారికి అది ఆధారమే. కాని చట్టము అన్నము పెట్టింపగలదు గాని, ప్రక్కన కూర్చుండి మాటలాడింపలేదు. నాయనమ్మ పటమునకు పూలమాల వేసి కన్నీరు పెట్టుకొను కుమారుడు, వంటయింట అదే శ్రమను నేడు పడుచున్న తల్లి భోజనము చేసెనో లేదో యని అడుగకున్న, ఆ కన్నీటికి విలువ యేమి?

శ్రాద్ధమున తండ్రి, తాత, ముత్తాతలను, తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారిని పేరుపేరున పిలుతురు. ఆ ముత్తవ్వ పేరు తెలియని యిండ్లు నేడు తక్కువ కాదు. రాబోవు పండుగనాడు ఇంటనున్న వృద్ధుల యొద్దను, వారు దూరమున నున్నచో దూరవాణి ద్వారమునను, ఆ పేర్లను అడిగి వ్రాసికొనవచ్చును. వారు పడిన కష్టమేమో, వారికి ఇష్టమైనదేమో వినవచ్చును. చెప్పగలవారు ఉన్నపుడే అడుగుట మేలు. అట్లు తెలిసికొని విడిచిన తర్పణమును భగవంతుడు తప్పక స్వీకరించును.