ఆపితే పుట్టే నిప్పు

బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉన్న పహాడీషరీఫ్ గుట్ట పక్కనే జల్‌పల్లి. ఇక్కడి షెడ్డుకు పాయింట్ల కాలపు పెట్రోలు బండి వస్తే మెకానిక్ ముందు ప్లగ్గు ఊడదీస్తాడు. దాన్ని ఇంజను ఇనుముకు ఆనించి, కరెంటు దారిని తెరిచి మూసే ఆ పాయింట్లు మూసుకున్నాయని చూసుకుని తాళం ఆన్ చేస్తాడు. ఏమీ జరగదు. ఆఫ్ చేస్తాడు. టప్! ప్లగ్గు మొనలో నీలి రవ్వ.

కరెంటు ఇచ్చినప్పుడు ఊరుకున్నది, ఆపగానే నిప్పు కక్కింది. ఇగ్నిషన్ కాయిల్ అనే తీగచుట్టలో కరెంటు పారుతున్నంతసేపూ చుట్టూ అయస్కాంత బలం పోగవుతుంది. దారి తెగగానే ఆ బలం కూలి, 12 వోల్టుల బ్యాటరీ బండిలో వేల వోల్టులు దూకుతాయి. 1831లో ఫారడే బయటపెట్టిన సూత్రమే. బండి నడిచేదీ దానివల్లే. కాని బండి ఆపేవేళకు కాయిల్ నిండి ఉంటే రవ్వ అకాలంలో పడుతుంది, సిలిండర్లో పెట్రోలు ఆవిరి ఉంటే ఇంజను వెనక్కి తన్నవచ్చు.

ఆపితే ఆగుతుందా అన్నది కర్మ విషయంలోనూ పాత ప్రశ్నే. జ్ఞానం కలిగాక కూడా దేహం ఎందుకు సాగుతుందన్నదానికి సాంఖ్యకారికలో ఈశ్వరకృష్ణుడు కుమ్మరి సారెను చూపాడు. శంకరులు గీతాభాష్యంలో వదిలిన బాణాన్ని చూపారు. రెండింటిలోనూ పాత ఊపే సాగుతుంది. కాయిల్ సంగతి వేరు, ఆపడమే ఇక్కడ కొత్త పని చేస్తోంది. శ్మశాన వైరాగ్యంతో సిగరెట్టు పెట్టె విసిరేసినవాడి ఇంట్లో మూడో రోజు గిన్నెలు ఎందుకు ఎగురుతాయో సారెకన్నా కాయిలే బాగా చెబుతుంది. విషయాలు దూరమైనా రుచి మిగులుతుందని గీత రెండో అధ్యాయం, మెల్లమెల్లగా మళ్లించుకోమని ఆరో అధ్యాయం అననే అన్నాయి.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ చేసినవారూ అదే దారి పట్టారు. దాని పేరు సాఫ్ట్ షట్‌డౌన్. కాయిల్ కరెంటును ఒక్క వేటున తెంచకుండా కొన్ని మిల్లీసెకన్లలో కొద్దికొద్దిగా దించుతారు. తాళం తీశాక ఆ కాస్తసేపు మాడ్యూల్‌ను బతికించడానికి కెపాసిటర్ పెట్టుకోవచ్చు. వోల్టేజి రవ్వ దూకేంత ఎత్తుకు చేరదు, పోగైన శక్తి ట్రాన్సిస్టర్‌లో వేడిగా చల్లారిపోతుంది.

పోలికకు హద్దు ఉందనుకోండి. కాయిల్‌కు సంకల్పం లేదు, పాపపుణ్యాలు అంటవు.

పాయింట్ల బండికి సాఫ్ట్ షట్‌డౌన్ సదుపాయం లేదు. అందుకే షెడ్డులో ఆ అక్కర్లేని రవ్వనే పరీక్షగా వాడుకుంటారు. నీలిగా ఉందా, పసుపుగా ఉందా అని చూసి, నీలిగానే ఉంటే కాయిల్ బాగుందని మెకానిక్ ప్లగ్గు తిరిగి బిగిస్తాడు.